జీఎఫ్‌ఎస్ అంచనాల్లో అల్పపీడనాలను, వాయుగుండాలను ప్రోగ్రాముతో గుర్తించడం

ఇదే పని మొదలుపెట్టిన మరికొందరికి కూడా ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో మీ ప్రశ్న సారాంశాన్ని ముందుగా చెబుతాను. మీరు అమెరికా ప్రపంచ వాతావరణ అంచనా మోడల్ అయిన జీఎఫ్‌ఎస్ 0.25 డిగ్రీల గ్రిడ్ డేటాను దించుకుని, అందులో సముద్ర మట్ట పీడనాన్ని తీసుకుని, చుట్టూ ఉన్న ఎనిమిది గ్రిడ్ పాయింట్ల కంటే తక్కువ పీడనం ఉన్న ప్రతి పాయింటునూ అల్పపీడన కేంద్రంగా లెక్కించారు. ఆగస్టు నెల డేటా మీద నడిపితే టిబెట్ నిండా, హిమాలయాల వెంట, పడమటి కనుమల పొడవునా కేంద్రాలే వచ్చాయి. వాటిని తగ్గించడానికి 1000 హెక్టోపాస్కల్స్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం) కంటే తక్కువ ఉన్నవే ఉంచమన్నారు. అప్పుడు రాజస్థాన్ వైపు పెద్ద గుంపు మిగిలింది, మీకు కావలసిన బంగాళాఖాతం అల్పపీడనం మాత్రం ఉదయం 5.30 గంటల డేటాలో కనిపించి 11.30 గంటల డేటాలో మాయమవుతోంది. ఈ పద్ధతి వదిలేసి, ఉదాహరణల నుంచి తానే నేర్చుకునే న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణ ఇవ్వడం మంచిదా అని అడిగారు.

ప్రస్తుతానికి అవసరం లేదని నా అభిప్రాయం. మీ ప్రోగ్రాములోని లోపాలన్నీ వాతావరణ శాస్త్రం తెలిసి సరిదిద్దుకోగలిగినవే. వాటిని సరిదిద్దకుండా నెట్‌వర్క్‌కు వెళితే అవే లోపాలు శిక్షణ డేటాలోకి చేరి, బయటికి కనిపించకుండా పోతాయి. అయితే అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది: మీరు దేనిని పట్టుకోవాలనుకుంటున్నారు?

భారత వాతావరణ శాఖ దగ్గర దీనికి స్పష్టమైన కొలతలు ఉన్నాయి. గాలుల వేగం 17 నాట్లకు (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) లోపల ఉంటే అల్పపీడనం, 17 నుంచి 27 నాట్ల వరకు వాయుగుండం, 28 నుంచి 33 వరకు తీవ్ర వాయుగుండం, 34, ఆపైన ఉంటే తుపాను. పీడనం పటంలో 2 హెక్టోపాస్కల్స్ అంతరంతో సమభార రేఖలు (ఒకే పీడనం ఉన్న చోట్లను కలిపే గీతలు) గీసినప్పుడు ఎన్ని రేఖలు కేంద్రం చుట్టూ పూర్తిగా మూసుకుంటున్నాయో కూడా చూస్తారు. వీటన్నిటికీ దిగువ మెట్టు మీద ఉండేది ఉపరితల ఆవర్తనం. నేల మీద మూసుకున్న సమభార రేఖ ఒక్కటి కూడా లేకుండా, పైన మాత్రం గాలి గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. తెలంగాణలో జులై, ఆగస్టు నెలల్లో కురిసే మంచి వర్షాల్లో చాలా వాటి వెనుక ఇదే ఉంటుంది. కేవలం సముద్ర మట్ట పీడనం చూసే ప్రోగ్రాము ఎంత మెరుగైనదైనా దీనిని పట్టుకోలేదు. కాబట్టి మీ అవసరం వర్షమా, తీరానికి గాలుల ముప్పా, లేక ఏడాదికి ఎన్ని వాయుగుండాలు వచ్చాయన్న లెక్కా అన్నది మొదటి రోజే కాగితం మీద రాసుకోండి. తరవాత మీరు పెట్టే ప్రతి పరిమితీ ఆ వాక్యానికి జవాబు చెప్పగలగాలి.

ఇక మాయమవుతున్న అల్పపీడనం సంగతి. ఉష్ణమండలంలో వాతావరణ పీడనం రోజుకు రెండుసార్లు పెరిగి, రెండుసార్లు తగ్గుతుంది. ఉదయం, రాత్రి సుమారు పది గంటలకు గరిష్ఠానికి చేరుతుంది. తెల్లవారుజామున, సాయంత్రం సుమారు నాలుగు గంటలకు కనిష్ఠానికి దిగుతుంది. మన అక్షాంశాల్లో ఈ రెండింటి మధ్య తేడా 3 హెక్టోపాస్కల్స్ దాకా ఉంటుంది. మోడల్ కూడా దీనిని చక్కగానే చూపిస్తుంది. మీరు తీసుకున్న ఆరు గంటల అంతరంలో 00, 12 యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అంటే మనకు ఉదయం, సాయంత్రం 5.30 గంటలు, అంటే కనిష్ఠానికి దగ్గరి వేళలు. 06, 18 యూటీసీ అంటే పగలు, రాత్రి 11.30 గంటలు, గరిష్ఠానికి దగ్గరివి. కేంద్రంలో 999 ఉన్న అల్పపీడనం ఏ మార్పూ లేకుండా ఉన్నచోటనే ఉన్నా, ఈ ఆటుపోటు వల్ల 11.30 గంటలకు 1001 అయి మీ పరిమితి దాటిపోతుంది. మన ప్రాంతానికి ఏ స్థిరమైన పీడన విలువనూ పరిమితిగా పెట్టకూడదని నేను గట్టిగా చెప్పడానికి ఇదే ప్రధాన కారణం. రాజస్థాన్, పాకిస్థాన్ ఎడారి మీద వేసవి, రుతుపవన కాలాల్లో నిలిచి ఉండే ఉష్ణ అల్పపీడనం రెండో కారణం. అక్కడ 996, 994 కూడా మామూలే. అది వర్షమిచ్చే వ్యవస్థ కాదు.

విలువకు బదులు తేడాను చూడటం దీనికి పరిష్కారం. కేంద్రం నుంచి ఏ దిక్కుకు వెళ్లినా నిర్ణీత దూరం లోపల పీడనం కనీసం ఇంత పెరగాలి అన్న నియమం పెడతారు; దీనిని మూసుకున్న రేఖ పరీక్ష అనవచ్చు. ఒక గుంటలో నీరు పోస్తూ వెళితే, మట్టం 2 హెక్టోపాస్కల్స్ ఎత్తుకు చేరేలోగా నీరు ఎటూ పొర్లిపోకూడదన్నమాట. పాల్ ఉల్రిచ్, కోలిన్ జార్జికీ రూపొందించిన టెంపెస్ట్ ఎక్స్‌ట్రీమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తుపానులకు వాడే ప్రామాణిక అమరిక ఇదే: 5.5 డిగ్రీల లోపల 200 పాస్కల్స్, అంటే 2 హెక్టోపాస్కల్స్ పెరుగుదల. పైథాన్‌లో మీరే రాసుకోవాలన్నా కష్టం కాదు. కేంద్రంలోని పీడనానికి 2 కలిపి, అంతకన్నా తక్కువ ఉన్న పాయింట్లన్నిటినీ ఒకటిగా, మిగతావాటిని సున్నాగా గుర్తించండి. సైపై లైబ్రరీలోని లేబుల్ ఫంక్షన్‌తో ఒకదానికొకటి ఆనుకున్న ముక్కలను వేరు చేయండి. కేంద్రం ఉన్న ముక్క 5.5 డిగ్రీల వలయాన్ని ఎక్కడైనా తాకితే ఆ కేంద్రాన్ని వదిలేయండి. రోజువారీ ఆటుపోటు వేల కిలోమీటర్ల మేర ఒకేలా ఉంటుంది కాబట్టి ఈ పరీక్షను అది దాదాపు తాకదు. ఎనిమిది పొరుగు పాయింట్లతో పోల్చడం వల్ల వచ్చిన బెడద కూడా ఇక్కడే చాలావరకు తీరుతుంది: 0.25 డిగ్రీలు అంటే సుమారు 28 కిలోమీటర్లు, అంత దగ్గరి పొరుగుతో పోల్చితే ఒక్క ఉరుము మేఘం కూడా అల్పపీడనమే అవుతుంది. మిగిలిన కేంద్రాలను పీడనం తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి, ఒకదానికి ఆరు డిగ్రీల లోపల అంతకన్నా లోతైనది ఉంటే బలహీనమైనదాన్ని తీసేయడం అలవాటైన పద్ధతి.

అయితే ఈ పరీక్ష తుపానులకు ఎంత బాగా పనిచేస్తుందో రుతుపవన కాలపు అల్పపీడనాలకు అంత బాగా పనిచేయదు. జులైలో రుతుపవన ద్రోణి, అంటే తక్కువ పీడనం ఉన్న పొడవాటి పట్టీ, రాజస్థాన్ నుంచి ఉత్తర బంగాళాఖాతం దాకా పరుచుకుని ఉంటుంది, ద్రోణి వెంట వాయవ్యానికి వెళ్లే కొద్దీ పీడనం తగ్గుతూ పోతుంది. ఒడిశా తీరంలో ఉన్న అల్పపీడనం చుట్టూ గీసిన రేఖ మిగతా మూడు వైపులా మూసుకున్నా, వాయవ్యం వైపు తెరుచుకుని ద్రోణిలో కలిసిపోతుంది. ప్రోగ్రాము దానిని తిరస్కరిస్తుంది, నియమం ప్రకారం అది చేసింది సరైనదే. దీనికి రెండు మార్గాలున్నాయి. ఒకటి, ఈఆర్‌ఏ5 రీఅనాలిసిస్ (గత వాతావరణాన్ని పరిశీలనలు, మోడల్ కలిపి తిరిగి లెక్కించిన డేటా) నుంచి ఆ తేదీకి, ఆ గంటకు సగటు పీడనాన్ని లెక్కించి, అంచనా పీడనం నుంచి తీసివేసి, మిగిలిన తేడా మీద పరీక్ష నడపడం. ఇలా చేస్తే రాజస్థాన్ ఉష్ణ అల్పపీడనం, ద్రోణి వాలు, రోజువారీ ఆటుపోటు మూడూ ఒకేసారి తొలగిపోతాయి. రెండోది, పీడనాన్ని పక్కన పెట్టి గాలినే చూడటం. నేను రెండోదాని వైపే మొగ్గుతాను, దాని గురించి కొంత వివరంగా చెప్పాలి.

అంతకు ముందు టిబెట్ గురించి ఒక్క మాట. నాలుగున్నర వేల మీటర్ల ఎత్తున ఉన్న నేలకు సముద్ర మట్ట పీడనం అన్నదే లేదు. నేల లోపల గాలి ఉంటే ఎంత బరువుండేదో ఊహించి మోడల్ ఒక సంఖ్య రాస్తుంది. జీఎఫ్‌ఎస్ ఫైల్‌లో పీఆర్‌ఎంఎస్‌ఎల్, ఎంఎస్‌ఎల్‌ఈటీ అనే రెండు రకాల సముద్ర మట్ట పీడనాలు ఉండటానికి కారణం ఆ ఊహను రెండు విధాలుగా చేయడమే. పర్వతాల మీద రెండూ వేరుగా కనిపిస్తే ఏది నిజమని వెతకకండి. మోడల్ నేల ఎత్తు 1500 మీటర్లు దాటిన చోటును మొత్తంగా మినహాయించండి, సమస్య తీరిపోతుంది.

గాలి విషయానికి వస్తే, వాతావరణ శాఖ బులెటిన్లు చదివే అలవాటుంటే ‘సముద్ర మట్టానికి 5.8 కిలోమీటర్ల ఎత్తు వరకు విస్తరించి, ఎత్తుకు వెళ్లే కొద్దీ నైరుతి దిశగా వంగి ఉంది’ అనే తరహా వాక్యం మీకు పరిచితమే. ఆ వాక్యంలో మీ ప్రోగ్రాముకు కావలసిన రూపురేఖలన్నీ ఉన్నాయి. 1.5, 3.1, 5.8 కిలోమీటర్లు అంటే మోడల్ ఫైల్‌లోని 850, 700, 500 హెక్టోపాస్కల్ స్థాయిలు. ప్రతి స్థాయిలోనూ గాలి భ్రమణాన్ని, అంటే వోర్టిసిటీని లెక్కించి, కింది స్థాయిలో దొరికిన కేంద్రానికి మూడు డిగ్రీల లోపల పై స్థాయిలోనూ ఒక కేంద్రం ఉందా అని చూడండి. సరిగ్గా నెత్తిమీదే ఉండాలని పట్టుబడితే నైరుతి వంపు ఉన్న మంచి వాయుగుండాలు చేజారిపోతాయి. ఈ వంపు కొలత ఊరికే పోదు. రుతుపవన వాయుగుండంలో భారీ వర్షం కేంద్రానికి నైరుతి, పడమర భాగాల్లోనే ఎక్కువగా పడుతుంది కాబట్టి, వర్షం ఎక్కడ పడవచ్చో చెప్పడానికి కేంద్రం ఒక్కటే ఇస్తే సరిపోదు.

వోర్టిసిటీని 0.25 డిగ్రీల డేటా నుంచి నేరుగా లెక్కిస్తే పటం నిండా మచ్చలు వస్తాయి. అది తేడాల మీద ఆధారపడిన రాశి కావడంతో, గ్రిడ్ ఎంత సన్నగా ఉంటే చిన్న చిన్న ఉరుము మేఘాల సంఖ్యలు అంత పెద్దగా కనిపిస్తాయి. రీడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన కెవిన్ హాడ్జెస్ రూపొందించిన ట్రాక్ అనే పద్ధతిలో చిన్న తరంగాలన్నిటినీ వడకట్టి, ముతక వోర్టిసిటీ మీదే వెతుకుతారు. మీరు అంత దూరం వెళ్లనక్కరలేదు. ప్రతి పాయింటు చుట్టూ సుమారు 300 కిలోమీటర్ల వృత్తంలో సగటు తీసుకున్నా పని జరుగుతుంది. నునుపు చేసిన తరవాత వాయుగుండం దగ్గర 850 స్థాయిలో వోర్టిసిటీ సెకనుకు లక్షలో ఒక వంతు ప్రమాణంలో సుమారు 5 నుంచి 10 ఉంటుంది. నునుపు చేసే వృత్తం మార్చితే ఈ అంకె కూడా మారుతుందని మాత్రం మరవకండి. ఒకరి పరిమితిని మరొకరు తీసుకుని విఫలమయ్యే సందర్భాల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

మరో చిక్కు వోర్టిసిటీకే సహజమైనది. గాలి గుండ్రంగా తిరిగినా వోర్టిసిటీ వస్తుంది, పక్కపక్కన గాలి వేర్వేరు వేగాలతో నేరుగా వీచినా వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అరేబియా సముద్రం మీదుగా ద్వీపకల్పంలోకి వీచే బలమైన పడమటి గాలుల ప్రవాహానికి ఉత్తరపు అంచున, ఏ సుడీ లేకపోయినా, పొడవాటి పట్టీలా ఎక్కువ వోర్టిసిటీ కనిపిస్తుంది. ఈ రెండింటినీ వేరు చేయడానికి ఒకూబో–వైస్ పరామితిని వాడతారు: వోర్టిసిటీ వర్గంలో నుంచి గాలి సాగదీత, కోతల వర్గాలను తీసివేస్తే, నిజంగా తిరుగుతున్న చోట మాత్రమే ధన విలువ మిగులుతుంది. కొందరు దీని గుర్తును తిరగేసి రాస్తారు, కోడ్ అరువు తీసుకుంటే ముందుగా అది చూసుకోండి.

నా దృష్టిలో మన రుతుపవన వ్యవస్థలకు ఇంతకన్నా పొందికైన మార్గం స్ట్రీమ్ ఫంక్షన్. గాలి ప్రవాహాన్ని రేఖలుగా చూపే ఈ రాశిని వోర్టిసిటీ నుంచి గణితపరంగా వెనక్కి రాబడతారు. ఆ క్రమంలో సన్నటి గీతలన్నీ తమంతట తామే నునుపైపోతాయి, అటు పీడనంలోని ద్రోణి వాలు ఇబ్బంది కూడా తగ్గుతుంది. దక్షిణాసియా అల్పపీడనాల మీద విష్ణు, బూస్ తదితరులు 2020లో ప్రచురించిన పరిశోధనలో అనేక రాశులను, అనేక పరిమితులను వరుసగా పరీక్షించి, భారత వాతావరణ శాస్త్రవేత్త డి.ఆర్. సిక్కా పటాల ఆధారంగా తయారుచేసిన పాత జాబితాకు 850 హెక్టోపాస్కల్ స్ట్రీమ్ ఫంక్షన్ అన్నిటికన్నా దగ్గరగా వచ్చిందని తేల్చారు. ఆ పరిశోధనలో నాకు బాగా నచ్చినది పద్ధతి. వారు పరిమితులను తమ ఊహతో ఎంచుకోలేదు. నిపుణుడి చేతి జాబితాను కొలబద్దగా పెట్టుకుని, ఎన్ని దొరికాయి, ఎన్ని లేనివి వచ్చాయి అన్న రెండు లెక్కలతో ఎంచుకున్నారు. మీరూ అదే చేయాలి.

తుపానుల కోసం తయారైన ట్రాకర్లను (కేంద్రాలను గుర్తించి, వాటి మార్గాన్ని అనుసరించే ప్రోగ్రాములను) యథాతథంగా వాడటంలో ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. తుపానును ఇతర వ్యవస్థల నుంచి వేరు చేయడానికి దాని నడిమి భాగం వెచ్చగా ఉందా అని చూస్తారు. టెంపెస్ట్ ఎక్స్‌ట్రీమ్స్‌లో అయితే 300, 500 స్థాయిల మధ్య గాలి పొర మందం కేంద్రంలో కంటే 6.5 డిగ్రీల లోపల సుమారు 6 మీటర్లు తగ్గాలని అడుగుతారు. రుతుపవన వాయుగుండం నిర్మాణం వేరు. దాని దిగువ భాగం చుట్టుపక్కల కంటే చల్లగా, పై భాగం వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనం కూడా కేంద్రానికి సరిగ్గా పైన ఉండకపోవచ్చు. ఇంకా ముఖ్యమైనది, అదే ప్రామాణిక అమరికలో సెకనుకు 10 మీటర్ల గాలి, 150 మీటర్లకు మించని నేల ఎత్తు అనే షరతులను మార్గంలో కనీసం పది సమయాల పాటు నిలుపుకోవాలని ఉంటుంది. ఆరు గంటల డేటాలో మొదటి సమయం నుంచి పదో సమయం వరకు అది 54 గంటలు. అట్లాంటిక్‌లోనో, పసిఫిక్‌లోనో రోజుల తరబడి సముద్రం మీద నడిచే తుపానులకు అది సబబే. బంగాళాఖాతం మన తీరానికి మరీ దగ్గర. 2024 సెప్టెంబరు 1న కళింగపట్నం దగ్గర తీరం దాటి, విజయవాడను ముంచెత్తిన వర్షాలకు కారణమైన వాయుగుండం వంటివి ఈ షరతుతో జాబితాలోకే రాకపోవచ్చు. తక్కువ గాలితో ఎక్కువ నష్టం చేసే వ్యవస్థలే మన దగ్గర ఎక్కువ, ఆ సంగతి షరతుల్లో కనిపించాలి.

ఒక్కో సమయంలో దొరికిన కేంద్రాలను కాలక్రమంలో కలిపి మార్గంగా మార్చడం తరవాతి దశ. నిజానికి తప్పుడు కేంద్రాలను ఏరివేయడంలో ఇదే అన్నిటికన్నా బలమైన పరీక్ష: మేఘాల వల్ల పుట్టిన మచ్చ ఆరు గంటల తరవాత ఎక్కడికీ నడిచి ఉండదు. మన వాయుగుండాలు సాధారణంగా గంటకు 10 నుంచి 20 కిలోమీటర్ల వేగంతో కదులుతాయి కాబట్టి ఆరు గంటలకు మూడు డిగ్రీల వెతుకులాట వలయం ధారాళంగా సరిపోతుంది. దగ్గరి కేంద్రాన్ని గుడ్డిగా కలపకుండా, గత రెండు స్థానాలను బట్టి తరవాతి స్థానాన్ని ఊహించి, ఆ ఊహకు దగ్గరగా ఉన్నదాన్ని కలపండి. దూరాలను డిగ్రీల్లో కాక గోళం మీది దూరంగా లెక్కించండి.

మధ్యలో తప్పిపోతే ఎంతసేపు ఎదురుచూడాలన్నదే ఇక్కడ కష్టమైన నిర్ణయం. గులాబ్ తుపానునే తీసుకోండి. 2021 సెప్టెంబరు 26 రాత్రి కళింగపట్నం దగ్గర తీరం దాటి, బలహీనపడుతూ తెలంగాణ, మరాఠ్వాడాల మీదుగా ద్వీపకల్పాన్ని అడ్డంగా దాటింది. దాని అవశేషం గుజరాత్ దగ్గర అరేబియా సముద్రంలోకి చేరి, మళ్లీ బలపడి, అక్టోబరు 1న షాహీన్ అనే కొత్త పేరుతో తుపానుగా మారి, 3న ఒమన్ తీరాన్ని తాకింది. గాలి వేగం షరతుతో, 24 గంటల విరామ పరిమితితో నడిచే ట్రాకర్ దీనిని రెండు తుపానులుగా చూపుతుంది. 850 వోర్టిసిటీని అనుసరించే ట్రాకర్ ఒకే మార్గంగా చూపుతుంది. పేర్లు పెట్టిన తుపానులను లెక్కించేవారికి మొదటిది సరైన జవాబు. భూమి మీద నడిచినంత కాలం అది ఎక్కడెక్కడ వర్షం కురిపించిందో చూడాలనుకునేవారికి రెండోది సరైన జవాబు. మొదట్లో కాగితం మీద రాసుకోమన్న వాక్యం ఇక్కడ పనికివస్తుంది.

మీరు వాడుతున్నది జరిగిపోయిన వాతావరణం కాదు, అంచనా. అందువల్ల రెండు అదనపు జాగ్రత్తలు అవసరం. ఇప్పటికే ఉన్న వ్యవస్థను ముందుకు అనుసరించడం ఒక పని, ఐదో రోజున కొత్తగా పుట్టబోయే దానిని కనిపెట్టడం మరొక పని. రెండింటికీ వేర్వేరు కఠినత్వం ఉండాలి. మొదటి దానికి వాతావరణ శాఖ చెప్పిన నేటి స్థానంతో ప్రారంభించవచ్చు, షరతులు సడలించవచ్చు. రెండో దానికి కనీసం 24 గంటల మార్గం ఉండాలని, వరుసగా వచ్చిన రెండు మూడు రన్‌లలోనూ కనబడాలని అడగడం మంచిది. జీఎఫ్‌ఎస్ రోజుకు నాలుగుసార్లు నడుస్తుంది కాబట్టి ఈ పరీక్షకు డేటా కొరత ఉండదు. ఇక ఎన్‌సెంబుల్ (ప్రారంభ స్థితిని కొద్దికొద్దిగా మార్చి ఒకే మోడల్‌ను అనేకసార్లు నడిపిన అంచనాల గుంపు) వాడేటప్పుడు, యూరోపియన్ వాతావరణ అంచనా కేంద్రానివి 51, అమెరికావి 31 సభ్య అంచనాలుంటాయి. ప్రతి సభ్యం మీదా ట్రాకర్‌ను విడిగా నడిపి, దొరికిన మార్గాలను పోల్చండి. అన్నిటి సగటు పటం తీసి దాని మీద ట్రాకర్ నడిపితే, వేర్వేరు చోట్ల ఉన్న ముప్పై బలమైన సుడులు కలిసి ఒక వెడల్పాటి బలహీన ద్రోణిగా మారిపోతాయి, ట్రాకర్‌కు ఏమీ దొరకదు.

పరిమితులు గ్రిడ్‌తో పాటు మారాలన్నది ఎంత చెప్పినా తక్కువే. 9 కిలోమీటర్ల యూరోపియన్ మోడల్, 6 కిలోమీటర్ల భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్, 31 కిలోమీటర్ల ఈఆర్‌ఏ5 ఒకే తుపానుకు ఒకే గరిష్ఠ గాలిని చూపవు, చూపలేవు. ఈఆర్‌ఏ5 మీద సరిచూసిన గాలి పరిమితిని సన్నని మోడల్ మీద పెడితే ప్రతి అల్పపీడనమూ వాయుగుండమైపోతుంది. అన్నిటినీ ముందుగా ఒకే ముతక గ్రిడ్‌కు మార్చి వెతకడం, కేంద్రం దొరికిన తరవాత మాత్రమే అసలు గ్రిడ్‌లో గరిష్ఠ గాలిని చదవడం నేను పాటించే పద్ధతి.

ఇప్పుడు న్యూరల్ నెట్‌వర్క్ సంగతి. నియమాల్లో చెప్పడం కష్టమై, మనిషి కన్ను మాత్రం చూసి గుర్తుపట్టే ఆకారాలకు, ఉదాహరణకు సమశీతోష్ణ మండలంలోని వాతావరణ ఫ్రంట్లకు (చల్లని, వెచ్చని గాలులు కలిసే సరిహద్దులకు), అది నిజంగా మేలు చేస్తుంది. బంగాళాఖాతం విషయంలో మొదటి అడ్డంకి ఉదాహరణల కొరత. ఉత్తర హిందూ మహాసముద్రంలో ఏడాదికి సగటున ఐదు తుపానులు వస్తాయి. వాయుగుండాలు కలిపినా శిక్షణకు చేతికొచ్చేవి తక్కువ. రెండో అడ్డంకి కొలమానంలో ఉంది: పటంలో 99 శాతానికి పైగా పాయింట్లు ఏ వ్యవస్థా లేనివే కాబట్టి, ‘ఎక్కడా ఏమీ లేదు’ అని ప్రతిసారీ చెప్పే నెట్‌వర్క్‌కు కూడా 99 శాతం ఖచ్చితత్వం వస్తుంది. అన్నిటికీ మించి, లేబుళ్లు (శిక్షణకు కావలసిన సరైన జవాబులు) ఎక్కడి నుంచి తెస్తారు? మీ ట్రాకర్ నుంచే తెస్తే నెట్‌వర్క్ నేర్చుకునేది మీ ట్రాకర్ పరిమితులనే. వాతావరణ శాఖ మార్గాల నుంచి తెస్తే కేంద్ర బిందువులు దొరుకుతాయి కానీ విస్తీర్ణం దొరకదు. ముందు నియమాల ట్రాకర్‌ను నిలబెట్టి, అది తప్పిన సందర్భాలను పోగుచేస్తే, ఆ తప్పుల జాబితాయే మీకు నెట్‌వర్క్ అవసరమో కాదో చెబుతుంది.

నెట్‌వర్క్‌ల ప్రస్తావన వచ్చింది కాబట్టి మరొకటి. గ్రాఫ్‌కాస్ట్, పంగూ–వెదర్, 2025 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ కేంద్రం రోజువారీగా నడుపుతున్న ఏఐఎఫ్‌ఎస్ వంటి కృత్రిమ మేధ మోడళ్ల అంచనాల మీద ఇదే ట్రాకర్‌ను నడపాలని మీకు తప్పక అనిపిస్తుంది, నడపండి కూడా. సగటు దోషాన్ని తగ్గించేలా శిక్షణ పొందిన మోడళ్ల పటాలు రోజులు గడిచే కొద్దీ నునుపెక్కుతాయి. తుపాను మార్గాన్ని అవి బాగా చెబుతాయి, గాలుల తీవ్రతను మాత్రం తక్కువ చూపుతాయి. గాలి వేగం షరతు ఉన్న ట్రాకర్ అక్కడ తుపానును వాయుగుండమనో, అసలు లేదనో చెబుతుంది. అటువంటి డేటాకు స్థానం, మార్గం వరకే ట్రాకర్‌ను నమ్మి, తీవ్రతను వేరే మోడల్ నుంచి తీసుకోండి.

మీ ప్రోగ్రాము తయారయ్యాక మొదటి పరీక్షకు నాలుగు సందర్భాలు సూచిస్తాను. 2020 అక్టోబరు 13 ఉదయం కాకినాడ దగ్గర తీరం దాటి, తెలంగాణ మీదుగా వెళ్లి హైదరాబాద్‌ను ముంచిన తీవ్ర వాయుగుండం మొదటిది. దక్కను పీఠభూమి ఎత్తు మీద మీ ట్రాకర్ ఎంతసేపు దానిని పట్టుకుని ఉంటుందో తెలుస్తుంది. గులాబ్ నుంచి షాహీన్ వరకు రెండోది, విరామ పరిమితి కోసం. 2024 ఆగస్టు చివరి వాయుగుండం మూడోది, సముద్రం మీద తక్కువసేపు ఉండే వాటి కోసం. నాలుగోదిగా బంగాళాఖాతంలో ఏ వ్యవస్థా లేదని బులెటిన్లు చెప్పిన ఒక ఏప్రిల్ వారాన్ని ఎంచుకోండి. మధ్యాహ్నం ఎండకు రాయలసీమ, తెలంగాణల మీద పీడనం తగ్గి, సాయంత్రం 5.30 గంటల డేటాలో ఒకటి రెండు కేంద్రాలు తలెత్తుతాయి. ఆ వారం మొత్తానికి మీ ప్రోగ్రాము ఇచ్చే మార్గాల సంఖ్య సున్నా కావాలి. కాకపోతే పీడనం, గాలి పరిమితులను కదిలించకుండా, ముందుగా కనీస మార్గం నిడివిని 24 గంటలకు పెంచి మళ్లీ నడపండి.